పిలిస్తే వచ్చేసిన మనిషి

కల్చర్ షాక్ ఒక అంటువ్యాధి. అది ఊరికి వచ్చినవాడికి పట్టదు, వాణ్ణి ఇంట్లోకి పిలిచినవాడికి పడుతుంది. ఈ సంగతి ఇంతవరకు ఏ డాక్టరూ కనిపెట్టలేదు. నేను కనిపెట్టాను!

అయినా సరే, నా వాదన ఒకటే. ఫిజీలో ప్రతి పల్లెకూ ఒక విదేశీ వాలంటీరు ఉండి తీరాలి. బడికి కప్పు లేకపోయినా ఫరవాలేదు, పడవకు ఇంజను లేకపోయినా ఫరవాలేదు, వాలంటీరు మాత్రం ఉండాలి. ఆకలి మీదున్న వాలంటీరైతే మరీ శ్రేష్ఠం.

ఎందుకంటారా? ముందు నేనెవరో చెప్పనివ్వండి.

నా పేరు అపిసాయి. మా ఊరికి పెద్దను. దొర వేరు, పెద్ద వేరు. దొర ఊరికి తల అయితే నేను ఊరికి గొంతును. పొద్దు వాలే వేళ ఊరి నడుమ నిలబడి, రేపు కాలువ ఎవరు బాగుచేయాలో, ఎవరి పంది ఎవరి చేమతోటలో పడిందో కేకేసి చెప్పడం నా ఉద్యోగం. గాలి అనుకూలిస్తే నా కేక విని వాగు అవతలి ఊరివాళ్ళు తమ కాలువ బాగుచేసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

ఈ గొంతుకు తగ్గ పని ఇంకొకటుంది. భోజనాల వేళ మా ఊళ్ళో తలుపులన్నీ బార్లా తీసి ఉంటాయి. దారిన పోయేవాళ్ళు ఎవరు కనబడినా, "రండి, తిందాం!" అని కేకెయ్యాలి. వాళ్ళు పొట్ట మీద చెయ్యి వేసుకుని, "కడుపు నిండిందండీ!" అని వెళ్ళిపోవాలి. పిలిచినవాడికి పరువు దక్కుతుంది. వెళ్ళినవాడికి మర్యాద దక్కుతుంది. ఎవరి చేప ముక్క వాళ్ళ పళ్ళెంలోనే ఉండిపోతుంది. ఇంతకంటే గొప్ప నాగరికత ఎక్కడైనా ఉందా, చెప్పండి!

పిలవడంలో నన్ను మించినవాడు లేడు. ఎదురింటి నెమానీ బావ పోటీకి వస్తాడు గానీ, ఆయనది కొంచెం ముక్కుతో మాట్లాడే గొంతు. వినేవాళ్ళకు భోజనానికి పిలుస్తున్నాడో జలుబు చేసిందో తెలియదు.

మా పిలుపులన్నీ ఎక్కువగా అందుకునేది మా పెద్దమ్మ ఉనైసి. మా అమ్మకు అక్క. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. వాగు ఒడ్డున ఒంటరిగా ఉంటుంది. చర్చి వెనక గడ్డిలో కట్టేసిన మేకను తెచ్చుకోవడానికి రోజూ సాయంత్రం ఊరి దారి పొడవునా నడుస్తుంది. మా గుమ్మం ముందుకు రాగానే నేను కేకేస్తాను.

"నిండిందిరా అపిసాయీ!" అంటుంది.

నెమానీ బావ పిలుస్తాడు. నిండింది. పాస్టరు గారు పిలుస్తారు. నిండింది. మనిషి చూస్తే ఎండిన కొబ్బరిమట్టలా ఉంటుంది గానీ, జిల్లా మొత్తంలో అంతలా నిండిన కడుపు ఇంకొకటి లేదని మేమంతా గర్వపడేవాళ్ళం.

ఇలా హాయిగా ఉన్న ఊరికి మెల్కర్ అనే కుర్రవాడు వచ్చాడు. స్వీడన్ వాడు. మా నోట పడి మెలేకా అయ్యాడు. వెదురుబొంగంత పొడుగు, ఎండకు ఉడికిన పీతంత ఎరుపు. మా ఊళ్ళో జనానికి ఒళ్ళు పెరిగిపోతోందని, షుగరు జబ్బు ఎక్కువైపోతోందని ఎవరో వాలంటీర్లను పంపే సంస్థవాళ్ళకు చెప్పారట. తక్కువ తినడం ఎలాగో మాకు నేర్పడానికి వీణ్ణి పంపారు. గుర్తుపెట్టుకోండి పాఠకులారా, తక్కువ తినడం!

వస్తూ వస్తూ ఒక బరువు తూచే యంత్రం తెచ్చాడు. సభాభవనంలో పెట్టి ఊరందరినీ ఎక్కించాడు. దొరగారు ఎక్కగానే ముల్లు చివరిదాకా పోయి, ఇక కదలడం మర్యాద కాదన్నట్టు అక్కడే నిలబడిపోయింది. పెద్దమ్మ ఎక్కితే అసలు కదిలిందో లేదో తెలియలేదు.

"మెషిన్ పని చేస్తోందా?" అన్నాడు నెమానీ బావ.

"నువ్వెక్కావుగా బావా, ఆ దెబ్బకి దిమ్మ తిరిగుంటుంది," అన్నాను నేను.

అప్పుడే మెలేకా మాకు కల్చర్ షాక్ గురించి చెప్పాడు. రాజధాని సువాలో సంస్థవాళ్ళు వాడికి ట్రైనింగ్ ఇచ్చారట. ఊళ్ళో టోపీ పెట్టుకోకూడదు, ఎవరి తలా తాకకూడదు, పెద్దలకంటే ఎత్తులో కూర్చోకూడదు, ఏది పెట్టినా కాదనకూడదు. ఇవన్నీ బుద్ధిగా వల్లెవేశాడు. ఇంత చేసినా తనకు కల్చర్ షాక్ తగలడం ఖాయమన్నాడు. మొదట అన్నీ తియ్యగా కనిపిస్తాయట. తర్వాత కోపం వస్తుందట. ఆపైన ఏడుపు. చివరికి అలవాటు పడతారట.

తుఫాను హెచ్చరిక విన్నట్టు విన్నాం. మా ఆవిడ వరానిసేసె అయితే, "పాపం, కన్నతల్లి దగ్గర్లేని పిల్లాడు, అదెప్పుడొచ్చి మీద పడుతుందో!" అని నిమ్మాకు టీ కాచి సిద్ధంగా ఉంచింది.

ఆ సాయంత్రమే మొదలైంది. వాగులో స్నానం చేసి, చర్చి పక్కనున్న తన గదికి నడిచి వెళ్తున్నాడు మెలేకా. మేం చాప మీద కూర్చుని ఉన్నాం. మధ్యలో కర్రపెండలం, కొబ్బరిపాలల్లో ఉడికిన చేమాకు, ఒక పెద్ద చేప. కొత్తవాడు, పైగా అతిథి. నా గొంతు ఏంటో వాడికి తెలియాలిగా! గుండెల నిండా ఊపిరి పీల్చి కేకేశాను.

"మెలేకా! రా, తిందాం!"

ఆగాడు. మొహం వెలిగిపోయింది. చెప్పులు విడిచి, వంగి లోపలికి వచ్చి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు!

మా ఆవిడ నన్ను చూసింది. నేను చేపను చూశాను. చేప ఎవరినీ చూడలేదు.

మా ఇంట్లో చేప తల నాది. ఇంటి పెద్దకు తప్ప ఎవరికీ పెట్టరు. అతిథి కదా అని, ఊరికే మాటవరసకు, "తల తీసుకో నాయనా," అన్నాను. తీసుకున్నాడు! కళ్ళతో సహా తిన్నాడు. తిని, "చాలా బాగుంది, థాంక్యూ," అన్నాడు.

వాడు గుమ్మం దిగుతుంటే ఎదురింట్లో నెమానీ బావ చూశాడు. నన్ను ఆటపట్టించాలని, వీడికి ఎలాగూ కడుపు పగిలేలా నిండి ఉంటుందన్న ధైర్యంతో, చేతులు చాచి మరీ పిలిచాడు.

"మెలేకా! మా ఇంట్లో తినవా ఏంటి? రా, రా!"

మెలేకా వెళ్ళాడు. ఆ క్షణంలో నెమానీ బావ మొహం చూసి నేను పడిన ఆనందం, నా చేప తల పోయిన దుఃఖాన్ని సగానికి సగం తగ్గించింది. ఈ ఒక్క మేలు చాలదా వాలంటీరు ఆవశ్యకతను నిరూపించడానికి?

అలా ఇంటింటికీ తింటూ పాస్టరు గారింటి దాకా వెళ్ళాడు. ఏది పెట్టినా కాదనకూడదని నేర్పారు కదా! పిలిస్తే వెళ్ళకూడదని ఎవరూ నేర్పలేదు. అది నేర్పాల్సిన సంగతని ఎవరికి మాత్రం తోస్తుంది?

మర్నాడు ఇంకో విచిత్రం. మెలేకా, పెద్దమ్మ ఒకే సమయానికి దారిన పడ్డారు. నేను పిలిచాను. పెద్దమ్మ అలవాటుగా నిండిందంది. మెలేకా నిర్ఘాంతపోయాడు.

"అమ్మమ్మా, వాళ్ళు పిలుస్తున్నారు! కాదంటే తప్పు!" అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

పెద్దమ్మ అటూ ఇటూ చూసింది. "పసివాడు, ముళ్ళు తీసుకు తినడం చేతకాదు. పక్కన కూర్చుంటాలే," అంది. కూర్చుంది. ముళ్ళు తీసింది. తీస్తూ తీస్తూ నాలుగు ముక్కలు నోట్లో వేసుకుంది. ఆ రోజు నుంచి మా ఇంటికే కాదు, ప్రతి ఇంటికీ ఒక కేకకు ఇద్దరు రావడం మొదలైంది.

మొదటి వారం తియ్యగానే ఉంది, ఒప్పుకుంటాను. మా ఆడవాళ్ళు పోటీలు పడి వండారు. పనసకాయ కూర వండినావిడ గొప్పదా, టిన్ను చేపతో చారు పెట్టినావిడ గొప్పదా అని చర్చి మెట్ల మీద వాదనలు జరిగాయి. మెలేకా అందరినీ సమానంగా మెచ్చుకున్నాడు, సమానంగా తిన్నాడు.

రెండో వారానికి మాకు కోపం వచ్చింది. వాడు చెప్పిన క్రమంలోనే వచ్చింది చూశారా! కాకపోతే రోగం మనిషిని మార్చుకుంది, అంతే.

అయితే ఆ కోపం వల్ల ఎన్ని మేళ్ళు జరిగాయో లెక్కపెట్టగలరా? భోజనానికి ముందు పాస్టరు గారు చేసే ప్రార్థనలో అన్నం చల్లారేది, పిల్లలు నిద్రపోయేవారు. ఇప్పుడు మెలేకా వచ్చేలోగా తినెయ్యాలని ఆయన ప్రార్థన మొత్తాన్ని "ఆమెన్"లోకి కుదించారు. ఎన్నేళ్ళుగా ఏ సంఘపెద్దా సాధించలేని సంస్కరణ ఇది! మా పిల్లలు పిలవకుండానే భోజనానికి కూర్చున్నారు. మగవాళ్ళు తోటల్లోనే నిలబడి కర్రపెండలం కాల్చుకు తినడం నేర్చుకున్నారు. చేలో పని అంత శ్రద్ధగా ఎప్పుడూ జరగలేదు.

ఆపైన ఏడుపు దశ వచ్చింది. సభాభవనంలో యంగోనా గిన్నె, అదే మా మత్తువేరు పానీయం గిన్నె చుట్టూ కూర్చుని మగవాళ్ళం తలలు పట్టుకున్నాం. మెలేకా ఆ పూట ఆడవాళ్ళకు ఉప్పు తగ్గించడం గురించి పాఠం చెబుతున్నాడు.

"ఎవరో ఒకరు వాడికి చెప్పాలి," అన్నాడు నెమానీ బావ.

"ఏమని చెప్తావ్ బావా? మేం పిలుస్తాం గానీ నువ్వు రాకు అనా?"

"నువ్వు ఊరికి పెద్దవి కదా, నువ్వు చెప్పు."

"నువ్వు చెప్పు. నీ ముక్కు గొంతుకి సగమే అర్థమవుతుంది, సగం పరువన్నా మిగులుద్ది."

"పిలవడం మానేస్తే?" అన్నాడు వెనక నుంచి ఎవరో.

అందరం వాణ్ణి ఎంత అసహ్యంగా చూశామంటే వాడు చిప్పలో యంగోనా తాగకుండానే కింద పెట్టేశాడు. తలుపు తీసి ఉండగా, ఎదుట మనిషి కనబడుతుండగా పిలవకపోవడమా! మేమేం మనుషులం కామా?

తలుపు తీసి ఉండగా. ఆ మాట మాత్రం అందరి చెవుల్లోనూ ఉండిపోయింది.

మొదట తలుపు వేసింది నేను కాదు. ఈ విషయం చరిత్రలో స్పష్టంగా ఉండాలి. మర్నాడు మధ్యాహ్నం నెమానీ బావ ఇంట్లో సుత్తి చప్పుడు వినిపించింది.

"ఏంటి బావా, గడియ పెట్టిస్తున్నావా?"

"గాలి ఎక్కువైపోయింది బావా."

"అవునవును, మాక్కూడా గాలే," అని నేనూ దుకాణానికి పరుగెత్తాను. అప్పటికే పాస్టరు గారు దోమల కోసం, ఇంకొకాయన మేకల కోసం, మరొకాయన ఏ కారణమూ దొరక్క ఊరికే, గడియలు కావాలని బారులు తీరి ఉన్నారు. ఏళ్ళ తరబడి తుప్పు పట్టిన ఒక్క గడియతో నెట్టుకొచ్చిన దుకాణం అది. ఆ రోజు గడియల కోసం పట్నానికి మనిషిని పంపాల్సి వచ్చింది. వాలంటీర్ల వల్ల గ్రామీణ వ్యాపారం పుంజుకోదని ఇంకా ఎవరైనా అంటారా?

తలుపులు మూయడం తేలిక అనుకోకండి. పుట్టి బుద్ధెరిగి మూసి ఎరగని తలుపులవి. వానకు ఉబ్బి, చెదకు వంగి, ఒకటి కిందకు ఆనితే ఇంకొకటి పైకి తన్నేది. చివరికి మూశాం. లోపల కూర్చుని, చాప అంచుతో కిందనున్న సందు కప్పి, వాసన బయటికి పోకుండా గిన్నె మీద గిన్నె పెట్టి, గుసగుసలాడుతూ తిన్నాం.

నా బాధ ఊహించండి. వాగు అవతలి ఊరిని కదిలించిన గొంతు నాది. అలాంటివాణ్ణి నా ఇంట్లో, నా చాప మీద, "ఉప్పు" అని గుసగుసలాడాను! ఒకసారి గొంతులో ముల్లు గుచ్చుకుంది. దగ్గకూడదు కదా! కళ్ళు తేలేసి నేలను పిడికిలితో గుద్దుకుంటుంటే మా ఆవిడ నా వీపు మీద ఒక్కటేసింది.

"చావనన్నా చస్తావు గానీ ఆ పిల్లాణ్ణి పిలవవు," అంది.

మేం మాత్రం నాలుగో దశకు చేరుకున్నాం. అలవాటు పడ్డాం.

బయట మెలేకా, పెద్దమ్మ నడిచి వెళ్ళే చప్పుడు వినిపించేది. మొదట్లో ప్రతి ఇంటి ముందూ కాసేపు ఆగేవారు. "ఊళ్ళో ఏదో ఉపవాసం అనుకుంటా," అన్నాడు మెలేకా ఒకసారి. పెద్దమ్మ కర్ర చప్పుడు ముందుకు సాగిపోయింది. ఆమెకు తలుపులు చదవడం వచ్చు.

ఇంతలో సువా నుంచి సంస్థ అధికారి వచ్చింది. పేరు కెలేరా. మనమ్మాయే గానీ పట్నంలో పెరిగింది. సభాభవనంలో మళ్ళీ అందరినీ తూచారు. అద్భుతం! నెమానీ బావ తగ్గాడు. పాస్టరు గారు తగ్గారు. నేను తగ్గాను. దొరగారు ఎక్కితే ముల్లు చివరిదాకా పోకుండా సిగ్గుపడి ఆగింది. ఊరంతా తగ్గింది, ఇద్దరు తప్ప. మెలేకాకు బుగ్గలు వచ్చాయి, చొక్కా గుండీలు పట్టడం లేదు. పెద్దమ్మ ఎక్కితే ముల్లు ఈసారి నిజంగానే కదిలింది.

"ముసలాళ్ళకి మెషిన్ సరిగ్గా చూపించదులే," అన్నాను నేను.

కెలేరా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దేశం మొత్తంలో ఇంత విజయం ఎక్కడా చూడలేదంది. "ఎలా సాధించావ్ మెల్కర్?" అని అడిగింది.

"నేనేం చెయ్యలేదు. రోజూ సాయంత్రం అందరూ తినమని పిలిచేవాళ్ళు. వెళ్ళేవాణ్ణి. కొన్నాళ్ళుగా పిలవడం లేదు," అన్నాడు.

కెలేరా నవ్వు ఆగిపోయింది. "ఎవరింటికి వెళ్ళావ్?"

"అందరిళ్ళకీ."

ఆమె మావైపు తిరిగింది. మేం ఊరు ఊరంతా సభాభవనం కప్పు వైపు చూశాం. కప్పు బాగానే ఉంది. తర్వాత ఆమె వాణ్ణి బయటికి తీసుకెళ్ళి, ఒక కొబ్బరిచెట్టు కింద నిలబెట్టి, చాలాసేపు మెల్లగా ఏదో చెప్పింది. మెలేకా మొహం ఇంతకుముందు ఎండకు ఎర్రబడేది. ఆ రోజు నీడలో ఎర్రబడింది.

ఆ సాయంత్రం మాకు కర్రపెండలం, చేప. తలుపు వేసి ఉంది. దారి మీద అడుగుల చప్పుడు మా గుమ్మం ముందు ఆగింది.

"కడుపు నిండిందండీ, థాంక్యూ!" అన్నాడు మెలేకా, మా తలుపుతో.

ఎవరూ పిలవలేదు. అయినా జవాబు చెప్పాడు. దారి దాటి నెమానీ బావ మూసిన తలుపుకు కూడా చెప్పాడు. అక్కణ్ణుంచి ఇంటింటి ముందూ ఆగి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఒక్క తలుపూ వదలకుండా చెప్పుకుంటూ వెళ్ళాడు. కొత్తగా నేర్చుకున్న మర్యాద కదా, పొరపాటు రాకూడదని గట్టిగా చెప్పాడు.

"పిలువయ్యా!" అంది మా ఆవిడ.

నా నోట్లో చేప తల ఉంది. ఆ రోజు దాని రుచి నాకు తెలియలేదు. సిగ్గుతో తిన్న తిండికి రుచి ఉండదని అప్పుడే తెలిసింది.

వాడు వెళ్ళిపోయే రోజు యంగోనా కలిపాం, పూలదండలు వేశాం, ఆడవాళ్ళు పాడుతూ ఏడ్చారు. మెలేకా లేచి నిలబడబోయి, పెద్దలకంటే ఎత్తవుతానని గుర్తొచ్చి, కూర్చునే మాట్లాడాడు.

"నన్ను క్షమించండి. నాకు తెలియలేదు. చిన్నప్పుడు పక్కింట్లో నా స్నేహితుడితో ఆడుకునేవాణ్ణి. భోజనం వేళ వాడు వాళ్ళమ్మా నాన్నలతో వెళ్ళి తినేవాడు. నేను వాడి గదిలో కూర్చునేవాణ్ణి. గిన్నెల చప్పుడు వినిపించేది. ఎవరూ పిలిచేవారు కాదు. ఇక్కడికొచ్చిన మొదటి రోజే పెద్దాయన అంత గట్టిగా పిలిచేసరికి..." అని ఆగిపోయాడు.

"తలుపేసుకు తినేవాళ్ళా?" అన్నాడు నెమానీ బావ, నోరు జారి.

"లేదు. ఓరగా వేసేవాళ్ళు," అన్నాడు మెలేకా.

మేమంతా చాప అల్లికను శ్రద్ధగా పరిశీలించాం.

వాడు వెళ్ళిపోయాడు. ఇక తలుపులు తీసెయ్యొచ్చు కదా అని మీరంటారు. అంత తేలికా? ముందు తీసినవాడు, ఇన్నాళ్ళూ తిండి కోసమే మూశానని ఒప్పుకున్నట్టే. నెమానీ బావ తీస్తే తీద్దామని నేను, నేను తీస్తే తీద్దామని ఆయన. గాలి మాత్రం ఊళ్ళో ఎప్పటిలాగే ఎక్కువగా ఉంది, అందరికీ.

నిన్న సాయంత్రం మేం తింటున్నాం. బయట ఒక్క మనిషి అడుగుల చప్పుడు, కర్ర చప్పుడు.

"నిండిందిరా అపిసాయీ," అంది పెద్దమ్మ, మూసిన తలుపుతో.

నాకు చాలా సంతోషమేసింది. "చూశావా, మర్యాద అంటే అదీ! పిలవకుండానే నిండిపోయింది," అన్నాను మా ఆవిడతో.

వరానిసేసె పళ్ళెం కింద పెట్టేసింది.

"ఆ మెషిన్ ఊరందరికీ నిజం చెప్పి పెద్దమ్మ ఒక్కదానికే అబద్ధం చెప్పిందా?" అంది. "ఆ పిల్లాడు చెయ్యి పట్టుకు లాక్కొచ్చిన నాలుగు వారాలే కదయ్యా ఆవిడ కడుపునిండా తిన్నది! వాగు ఒడ్డున ఆ వంటపాకలోంచి పొగ రావడం నువ్వెప్పుడన్నా చూశావా?"

చూడలేదు. ముందే వండుకు తినేస్తుందనుకున్నాను. ఊరంతా అలాగే అనుకుంది. అనుకోవడానికి అంత వీలుగా ఉండే సంగతి ఇంకొకటి లేదు మరి!

లేచాను. గడియ వానకు బిగుసుకుపోయింది. లాగాను, రాలేదు. తన్నాను. గడియ, మేకులు, తలుపులో ఒక చెక్క కలిసి దారిలో పడ్డాయి.

"పెద్దమ్మా! రా, తిందాం!"

చాన్నాళ్ళ తర్వాత భోజనపు పిలుపుకు విడిచిన గొంతు. కోళ్ళు ఎగిరాయి, వాగు అవతల ఎవరో "ఏంటీ?" అని అరిచారు. పెద్దమ్మ ఆగి, వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపింది.

"నిండిందిరా!"

ఆచారం ప్రకారం నా పని అయిపోయింది. పరువు దక్కింది. వెళ్ళి కూర్చుని తినొచ్చు.

"నిండలేదు," అన్నాను.

"ఏమన్నావురా?"

"నీకు కడుపు నిండలేదు పెద్దమ్మా. వచ్చి తిను."

పాఠకులారా, కల్చర్ షాక్ నాలుగు దశలూ ఒక మనిషి మొహంలో అక్కడికక్కడే జరిగిపోవడం నేను చూశాను. ముందు నవ్వింది. తర్వాత కర్ర ఎత్తి, "పెద్దదాన్ని పట్టుకుని అబద్ధాలకోరంటావట్రా!" అని మీదికొచ్చింది. గుమ్మం దాకా వచ్చాక కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత చెప్పులు విడిచింది.

చాప మీద కూర్చుని, ఎవరూ చెప్పకుండానే, చేప తల తన పళ్ళెంలో వేసుకుంది. ముళ్ళు తీయడానికి పక్కన పసివాడెవడూ లేడు. తనకోసమే తింది. ఎదురింట్లో గడియ తీసిన చప్పుడైంది. "పెద్దమ్మా! అక్కడయ్యాక ఇటు రా!" అన్నాడు నెమానీ బావ ముక్కుతో.

కాబట్టి సంస్థవారికి నా మనవి. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఊరికి ఇంకో వాలంటీరును పంపకండి. ఆకలి మీదున్న మనిషి మాకు ఉంది. ఇన్నేళ్ళూ రోజూ సాయంత్రం మా ఇళ్ళ ముందునుంచే నడిచింది.